ఒక్క జాగకు ఇద్దరు

మార్పు రెండు రకాలని మా కంపెనీ నాకు చెప్పిన రోజు చేవెళ్ల షెడ్‌లో కరెంటు లేదు. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ ఎక్కడ అయిపోతుందోనన్న దిగులుతో సగం వినీ సగం వినకా ఆ మీటింగులో కూర్చున్నాను. తెర మీద ఇద్దరు పెద్దసార్లు. ఒకాయన సముద్రాల అవతలి హెడ్డాఫీసు మనిషి. ప్రతి మాటకూ ముందు ఒక నవ్వు నవ్వుతాడు. ఇంకొకాయన ముంబై ఆఫీసు మనిషి. ఆయన నోరు తెరిస్తే ఎదురుగా లారీ వస్తున్నట్టు పక్కకు తప్పుకోవాలనిపిస్తుంది. మార్పు కొద్దికొద్దిగా తేవాలని హెడ్డాఫీసాయన. ఒక్క దెబ్బకు తేవాలని ముంబై ఆయన. చాలాసేపు వాదించుకుని చివరికి ఇద్దరి మాటా నెగ్గే ఉపాయం కనిపెట్టారు. మొయినాబాద్ షెడ్‌లో నెమ్మదిగా, చేవెళ్ల షెడ్‌లో ఒక్కసారిగా. ఏది బాగా నడిస్తే దాన్నే మిగతా దేశాలకు తీసుకెళ్తారట. రెండు షెడ్లూ చూసుకునేది నేనే కాబట్టి రెండు మార్పులూ తెచ్చేది నేనే.

ఏమైనా అడగాలా అన్నారు. అసలు ఏం మారుతోంది అని అడిగాను. ఆ సంగతి మెయిల్‌లో వస్తుందన్నారు. అంతలో తెర ఆరిపోయింది.

మా కంపెనీ రైతుల దగ్గర కూరగాయలు కొంటుంది. టమాటా, క్యారెట్, బీట్‌రూట్ చేవెళ్ల షెడ్‌కు వస్తాయి. అక్కడ ఆడవాళ్ళు బల్లల ముందు నిలబడి మంచివీ దెబ్బతిన్నవీ ఏరుతారు. ఏరినవి మొయినాబాద్ షెడ్‌కు వెళ్తే అక్కడ కడిగి, కోసి, ప్యాకెట్లలో పెట్టి సిటీకి పంపుతారు. నేను పుట్టి పెరిగింది చేవెళ్లలో. పిల్ల కాలేజీ కోసం మొయినాబాద్‌లో కిరాయికి ఉంటున్నాను. పొద్దున ఒక షెడ్, మధ్యాహ్నం ఒక షెడ్, మధ్యలో బస్సు. ఇన్నేళ్ళుగా అదే నా బతుకు, దానితో నాకు పేచీ ఏమీ లేదు.

మెయిల్ వచ్చింది. మారేది హాజరు. ఇకమీదట గేటు దగ్గర మిషన్ ఉంటుంది, అది మొహం చూసి లోపలికి పంపుతుంది. ప్రతి మనిషికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక మొహం. చదివి, ఇంతేనా, దీనికి అంత వాదులాట ఎందుకు అనుకున్నాను. సాయంత్రం బస్సులో కూర్చున్నాక కానీ అసలు చిక్కు తట్టలేదు. ఎందుకంటే మా షెడ్లలో నంబరు మనిషిది కాదు, జాగది.

ఇది బయటివాళ్ళకు కొంచెం విడమర్చి చెప్పాలి. షెడ్ పెట్టిన కొత్తలో ఊరూరి నుంచీ ఆటోల్లో ఆడవాళ్ళను తెచ్చినప్పుడు బల్ల దగ్గర ఒక్కొక్కరికి ఒక చోటు దొరికింది. ఆ చోటును జాగ అంటారు. జాగ దొరికినామె ఏదో ఒక రోజు రాలేకపోతే ఇంట్లోంచి ఇంకొకరిని పంపుతుంది. తోడికోడలు, తల్లి, ఆడబిడ్డ, ఎవరైనా సరే. దాన్ని బదులు పంపుడు అంటారు. బల్ల ముందు చోటు ఖాళీగా ఉండకూడదు, అంతే నియమం. ఇందులో దొంగతనం లేదు, దాపరికం లేదు. అందరికీ తెలుసు, కంపెనీకి తప్ప. కంపెనీ కంప్యూటర్లో మాత్రం మా ఆడవాళ్ళు జ్వరం, పెళ్ళి, పురుడు అన్నవి ఎరగని ఉక్కుమనుషులు.

ముడిమ్యాల నుంచి వచ్చే ఒక జాగలో ఇద్దరు తోడికోడళ్ళు. ఒక వారం పెద్దామె, ఒక వారం చిన్నామె. ఇంట్లో అత్తకు పక్షవాతం, ఒక చెయ్యీ ఒక కాలూ పడిపోయాయి, ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. ఒక ఏడాది ఒక్క రోజు కూడా మానని కార్మికురాలిగా ఆ నంబరుకు సన్మానం జరిగింది. పేరు పిలవగానే ఇద్దరూ కలిసి వేదిక ఎక్కారు. శాలువా ఒకరు కప్పుకున్నారు, సర్టిఫికెట్ ఒకరు పట్టుకున్నారు. సిటీ నుంచి వచ్చిన సారు రెండో ఆమెను తోడుగా వచ్చిందనుకుని ఆమెకూ నమస్కారం పెట్టాడు. మేమందరం చీరకొంగులు నోట్లో కుక్కుకున్నాం.

పెద్దామె బడిలో నాకంటే ముందు క్లాసుల్లో ఉండేది. అందుకే నాకు అక్క. బస్టాండులో, సంతలో, ఎక్కడ కనిపించినా "చెల్లె" అంటుంది. షెడ్ గేటు దాటితే "మేడం" అంటుంది, అదీ కళ్ళతో నవ్వుతూ. ఆమె షెడ్‌కు వచ్చే వారం బల్ల దగ్గర గొంతులు వేరుగా వినిపించేవి. ఊళ్ళో జరిగినవీ జరగనివీ కలిపి చెప్పి నవ్వించేది.

"ఇంట్ల ఉన్న వారం నా మాట నాకే ఇనొస్తది చెల్లె," అని ఒకసారి అన్నది. "అత్త మాట్లాడదాయె. గీ షెడ్‌ల వారం లేకుంటే నేను గోడలతోని మాట్లాడుదును."

ఆ మాట అప్పుడు తమాషాగా అన్నదనుకున్నాను.

మొయినాబాద్‌లో నెమ్మది మార్పు మొదలైంది. హెడ్డాఫీసాయన దానికి మెట్లు రాసి పంపాడు. మొదటి మెట్టులో మిషన్‌ను ఊరికే గేటు పక్కన నిలబెట్టాలి, వాడకూడదు. అలవాటు కావాలట. నిలబెట్టాం. దసరాకు ఆడవాళ్ళు దానికి కూడా బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. బొట్టు సరిగ్గా కెమెరా మీద పడింది. తుడవడానికి నాకు చెయ్యి రాలేదు, వారం రోజులు అలాగే వదిలేశాను. రెండో మెట్టు, బదులు పంపేవాళ్ళు ముందు రోజే చెప్పాలి. మూడోది, బదులు ఇంటివాళ్ళే రావాలి, పక్కింటివాళ్ళు కాదు. ఒక్కో మెట్టుకూ మధ్య బాగా వ్యవధి, ఒక్కో మెట్టుకూ మిర్చి బజ్జీలు, చాయ్. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. ఎవరూ మొహం ముడుచుకోలేదు. మార్పు అంటే ఇట్లా ఉండాలి అని మనసులో హెడ్డాఫీసాయనకు దండం పెట్టుకున్నాను.

చేవెళ్లలో ముంబై ఆయన పద్ధతి. ఆదివారం మొహాలు ఎక్కించాలి, సోమవారం నుంచి మిషన్. ఆటోలవాళ్ళతో ఊళ్ళకు కబురు పంపాను. జాగ ఉన్నవాళ్ళంతా రావాలని చెప్పమన్నాను.

వచ్చారు. పట్టుచీరలు కట్టుకుని, పౌడరు రాసుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చారు. జాగకు ఒకరు కాదు, ఇద్దరిద్దరు, కొన్ని జాగలకు ముగ్గురు. కెమెరా ముందు ఒక్కొక్క జాగవాళ్ళు కలిసి నిలబడ్డారు. రేషన్ కార్డు ఫోటోకు ఇంటిల్లిపాదీ నిలబడతారే, అచ్చం అట్లాగే. పెద్దవాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు. తోడికోడళ్ళిద్దరూ చెంపకు చెంప ఆనించుకున్నారు. పెద్దామె పొడగరి కాబట్టి చిన్నామెను తన ముందుకు లాక్కుని, ఆమె భుజం మీద గడ్డం పెట్టి నవ్వింది. ఆ రోజు ఆటోవాడి భార్యను అత్త దగ్గర కూర్చోబెట్టి మరీ వచ్చారు.

మిషన్ పట్టుకొచ్చిన పిల్లవాడిది ఉత్తరాది. తెలుగు రాదు. నంబరు కొట్టి బటన్ నొక్కుతున్నాడు, పచ్చ టిక్కు వస్తోంది, తరవాతి వాళ్ళను రమ్మంటున్నాడు. పచ్చ టిక్కు వచ్చిందంటే అందరినీ తీసుకున్నట్టేనని ఆడవాళ్ళు అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. ముంబై ఆయన ఫోన్‌లో బొటనవేలి బొమ్మ పంపాడు. ఇంత తేలికా అని నాకు ఆశ్చర్యం వేసింది. మొయినాబాద్‌లో బజ్జీలు దండగేమో అనిపించింది కూడా.

సోమవారం పెద్దామె వారం. మిషన్ ముందు నిలబడింది. ఆకాశవాణిలో వార్తలు చదివినట్టు ఒక ఆడగొంతు, "క్షమించండి, మీ ముఖం గుర్తించబడలేదు" అన్నది.

"ఏందే గిది? నిన్ననే చూసింది గద నన్ను!"

మళ్ళీ నిలబడింది. మిషన్ మళ్ళీ క్షమాపణ చెప్పింది. కొంగు తీసి నిలబడింది. నిన్నటిలాగా గడ్డం ఎత్తి నవ్వింది. వెనకాల లైను పెరిగింది. సగం మందికి గేటు తెరుచుకుంటోంది, సగం మందికి క్షమాపణలే. నేను ఆ పిల్లవాడికి ఫోన్ చేశాను. మిషన్ ఒక నంబరుకు ఒకే మొహం తీసుకుంటుంది, ముందు ఎవరున్నారో వాళ్ళదే అని హిందీలో తాపీగా చెప్పాడు. అంటే తోడికోడళ్ళ జాగ చిన్నామెది అయిపోయింది. ఆ చిన్నామె ఇంట్లో అత్తకు జావ తాపుతోంది.

"నా జాగల నుంచి నన్నే ఎల్లగొడ్తదా?" అంటూ పెద్దామె గేటు ముందు కూర్చుంది. క్షమాపణలు పొందినవాళ్ళంతా ఆమె పక్కన కూర్చున్నారు. లోపలికి వెళ్ళినవాళ్ళు కూడా ఒక్కొక్కరే బయటికొచ్చి కూర్చున్నారు.

టమాటా ఆటోలు రోడ్డు దాకా నిలిచిపోయాయి. ఒక రైతు హారన్ కొట్టి కొట్టి దిగి, తిట్టడానికి గేటు దాకా వచ్చాడు. కూర్చున్నవాళ్ళలో సొంత భార్య కనపడింది. ఆమె తల ఎత్తి చూసింది. ఆయన వెనక్కి వెళ్ళి బుద్ధిగా ఆటోలో కూర్చుని బీడీ వెలిగించాడు.

నాకు ఒక చెవిలో ముంబై, ఒక చెవిలో హెడ్డాఫీసు. వంగొద్దు, ఇవాళ వంగితే మార్పు చచ్చిపోతుంది అని ఆయన. వాళ్ళ మనసులో ఏముందో విను అని ఈయన. నాకు వాళ్ళ మనసులో ఏముందో తెలుసు, వంగకుండా ఎలా నిలబడాలో తెలియదు. ఎండ ముదిరింది. క్రేట్ల అడుగున టమాటాలు కారడం మొదలై వాసన గేటు దాకా వచ్చింది. ఆ ఫోటోలు పంపాక ముంబై ఆయన గొంతు మెత్తబడింది. తాత్కాలికంగా మిషన్‌లో మార్పు చేయించి నంబరుకు రెండు మొహాలు ఎక్కించుకోవచ్చన్నాడు. ఆ మాట గేటు ముందు చెప్పగానే ఆడవాళ్ళు వేసిన ఈలలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఆడవాళ్ళు అంత గట్టిగా ఈల వేయగలరని నాకు అంతవరకు తెలియదు.

సాయంత్రం బస్టాండులో పెద్దామె నా వీపు మీద ఒక్కటి చరిచింది. "మిషిన్‌కు బుగులు పుట్టిచ్చినం గద చెల్లె!"

నేనూ నవ్వాను. కంపెనీ మనిషిని అయ్యుండి నేను ఎందుకు అంత సంతోషంగా ఉన్నానో బస్సెక్కాక ఆలోచించాను.

ఏడాది కావస్తుండగా మళ్ళీ మీటింగు. చేవెళ్ల పద్ధతి విఫలం, మొయినాబాద్ పద్ధతి సఫలం అని తేల్చారు. హెడ్డాఫీసాయన ఇంకా పెద్ద నవ్వు నవ్వాడు. ముంబై ఆయన కెమెరా కట్టేసుకున్నాడు. నన్ను కూడా మెచ్చుకున్నారు, మొయినాబాద్‌కు మాత్రమే.

ఆ మధ్యాహ్నం మొయినాబాద్ షెడ్‌లో బల్లల మధ్య నడిచాను. అప్పటికి చివరి మెట్టు కూడా అయిపోయింది. ఒక నంబరుకు ఒక మొహం, బదులు లేదు. అందరూ పనిలో ఉన్నారు. ఏదో తక్కువగా ఉన్నట్టు అనిపించింది, ఏమిటో అర్థం కాలేదు. బీట్‌రూట్ తరుగుతున్న ఒకామెను చూస్తే గుర్తొచ్చింది. ఆమె బదులుగా వాళ్ళమ్మ వచ్చేది. ముందు పళ్ళు లేని ముసలామె, కంపెనీ టోపీ పెట్టుకోగానే పోలీసులాగా సెల్యూట్ కొట్టేది.

"మీ అమ్మ వస్తలేదా?" అని అడిగాను.

"ఎక్కడ మేడం, బంద్ అయింది గద."

"ఎప్పటి నుంచి?"

ఆమె చేతిలో కత్తి ఆపి ఆలోచించింది. పక్కామెను అడిగింది. పక్కామె ఇంకొకామెను అడిగింది. ఉగాది తరవాతనా, బోనాలకు ముందా? ఎవరికీ తెలియలేదు. "యాది లే మేడం. గట్లనే బంద్ అయింది," అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

బాధగా చెప్పలేదు. బాధ నాకే. ఇంతమంది తల్లులు, తోడికోడళ్ళు, ఆడబిడ్డలు గేటు దగ్గర ఒక్క ఏడుపు లేకుండా, ఒక్క తిట్టు లేకుండా వెళ్ళిపోయారు. ప్రతిసారీ బజ్జీలు పంచింది నేనే. వాళ్ళే బాధపడనప్పుడు వాళ్ళ తరఫున నేను బాధపడటం ఏమిటి? ఇది మంచి జరిగినట్టా, చెడు జరిగినట్టా? చేవెళ్లలో గొడవైంది, కానీ ఇద్దరూ ఉన్నారు. మొయినాబాద్‌లో గొడవ లేదు, సగం మంది లేరు. సఫలం, విఫలం అని ఏది దేనికి రాశారో నాకు తలకిందులుగా కనపడింది. అట్లా అని పైకి చెబితే, నీ లెక్కలో బాగుండటం అంటే ఏమిటి అని అడుగుతారు.

వారం తిరగకముందే ఆర్డరు వచ్చింది. ఇక చేవెళ్లలో కూడా మొయినాబాద్ పద్ధతే, మెట్లు మెట్లుగా. మిషన్ ఎలాగూ ఉంది కాబట్టి ఇక్కడ ముందు రోజే చెప్పడం మొదటి మెట్టు. నాకు విడిగా ఒక మాట చెప్పారు. మొదటి మెట్లు మాత్రమే చెప్పండి, చివరి మెట్టు గురించి ఇప్పుడే ఎత్తకండి, అనవసరంగా భయపడతారు.

షెడ్‌లో చెప్పబుద్ధి కాలేదు. అత్తను చూసి వస్తానన్న నెపంతో ఒక సాయంత్రం ముడిమ్యాల వెళ్ళాను. పెద్దామె అత్తను మంచం మీద లేపి, తన ఛాతీకి ఆనించుకుని, చెంచాతో జావ తాపుతోంది. చిన్నామె అప్పుడే షెడ్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. కుర్చీ వేశారు. చాయ్ ఇచ్చారు.

"సోమవారం సంది బదులు పంపేది ఉంటే ముందు రోజే చెప్పాలట అక్కా," అన్నాను.

"గంతేనా? చెప్తం," అంది పెద్దామె. చెంచా ఆగలేదు. "తర్వాత?"

"తర్వాత ఇంటోళ్ళే రావాలె."

"మేం ఇంటోళ్ళమే గద. తర్వాత?"

నేను చాయ్ గ్లాసు వైపు చూశాను. ఇక్కడ ఆపమనే నాకు చెప్పింది. ఆపితే ఎవరూ నన్ను అడగరు. కానీ ఆ టోపీ పెట్టుకుని సెల్యూట్ కొట్టే ముసలామె కళ్ళముందు కనపడింది. ఈమె గురించి కూడా ఏదో ఒక రోజు ఎవరో ఒకరు, ఎప్పుడు మానిందో యాది లేదు అంటారు కదా అనుకున్నాను. ముందే తెలిస్తే మళ్ళీ గేటు ముందు కూర్చుంటారు, మళ్ళీ టమాటాలు కారతాయి, మళ్ళీ ఈలలు వేస్తారు. నిజం చెప్పాలంటే ఆ ఈలల మీద ఆశతోనే నోరు తెరిచాను.

"చివరికి ఒక్క మొహమే అక్కా. ఇద్దరిల ఒక్కరే. ఇంకో యాడాదో, ఇంకా జర ఎక్కువనో పట్టచ్చు. కానీ ఒక్కరే."

చిన్నామె చెంబు కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చింది. పెద్దామె మిగిలిన జావ తాపింది. అత్త మూతి తుడిచింది. మెల్లగా పడుకోబెట్టి, పడిపోయిన చెయ్యిని దిండు మీద సర్దింది.

"ఎల్లుండి సోమవారం నా వారం," అంది చిన్నామెతో. "నువ్వే పో. ఇగ ఎప్పుడూ నువ్వే పో."

"ఇప్పుడే ఎందుకక్కా?" అన్నది చిన్నామె.

"ఇప్పుడే ఎందుకు, ఇంకా శాన దినాలున్నయి!" నేను కుర్చీలోంచి లేచాను. "అందరం కూసుందం. మొన్న కూసోలేదా?"

"మొన్న తెల్వక కూసున్న. అత్తను లేపనీకి దానికి బలం సాలది. నేనే లేపాలె. నేనే ఉండాలె. ఎప్పటికైనా పోయే జాగకు వారం వారం తయారై పోవుడు నాతోని కాదు." గిన్నె తీసుకుని లేచింది. "మిషిన్ గా దినమే చెప్పింది, మనమే ఇనలే."

సోమవారం చిన్నామె వచ్చింది. మళ్ళీ పెద్దామె వంతు వారం వచ్చినా చిన్నామే. బల్ల దగ్గర ఒక్కరోజు అందరూ అడిగారు, అక్క ఏది అని. తరవాత అడగడం మానేశారు. శుక్రవారం మీటింగులో హెడ్డాఫీసాయన చేవెళ్లలో మొదటి మెట్టు ఎలా నడుస్తోందని అడిగాడు. ఒక జాగలో చివరి మెట్టు కూడా అయిపోయిందని చెప్పాను. అంత త్వరగానా, ఏ పద్ధతిలో చేశారు అని ఉత్సాహంగా ముందుకు వంగాడు. నెమ్మదిగా చేశానా, ఒక్కసారిగా చేశానా? చెప్పడానికి ఆమె దగ్గరికి వెళ్ళకపోతే ఆమెకు ఇంకో ఏడాది వారాలు మిగిలేవి. బల్ల దగ్గర ఇంకో ఏడాది నవ్వు ఉండేది. చెప్పకుండా ఉంటే ఆ ఏడాది అబద్ధం అయ్యేది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూసినా ఏది బరువో తేలడం లేదు.

నెల దాటాక చేవెళ్ల దవాఖాన ముందు పెద్దామె కనపడింది. అత్తకు మందులు తీసుకుని ఆటో కోసం చూస్తోంది. నేను దూరం నుంచే చెయ్యి ఊపుకుంటూ రోడ్డు దాటాను. నన్ను చూసి కొంగు సర్దుకుంది. కోపంగా లేదు. పరాయివాళ్ళను పలకరించేటప్పుడు ఉండే మర్యాద ఉంది మొహంలో.

"బాగున్నరా మేడం?" అంది.